అత్తయ్య ఆఖరి తిప్పు

మా అత్తయ్యకి కోపం వస్తే ముందు చేతిలో ఉన్న పనిముట్టు బల్ల మీద పెడుతుంది. కొత్తవాళ్లు అది చూసి ఆవిడ చల్లబడిందనుకుంటారు. పనిముట్టు పాడవకూడదని పెడుతుంది, అంతే. ఆ తరువాత నోరు విప్పుతుంది. ఆ నోటి ముందు నిలబడ్డ మగవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు, మా ఆయనతో సహా. నిలబడేది నేనొక్కదాన్నే. అందుకే నన్ను చూస్తే ఆవిడకి మంట, ఆవిడని చూస్తే నాకు రెండింతల మంట. అయినా రోజూ పొద్దున్నే ఒకే గదిలో, ఒకే బల్లకి చెరోవైపు కూర్చుని ఇద్దరం గిటార్లు బాగుచేస్తాం.

మా ఇంటి ముందు గదే షాపు. వీధివైపు పెద్ద కిటికీ, కిటికీ కింద బల్ల, బల్ల మీద చిరిగిన తివాచీ ముక్క. పైకప్పు కొక్కేలకి గిటార్లు వరసగా వేలాడుతుంటాయి. లోపలికి వచ్చేవాళ్లు తల వంచుకుని రావాలి. పొడుగు మనుషులు వంచరు, తల కొట్టుకుంటారు. అప్పుడు అత్తయ్య ముందు గిటారుని తడిమి చూసుకుని, తరువాత మనిషి వైపు తిరిగి దెబ్బ తగిలిందా అని అడుగుతుంది.

ఆవిడ వడ్రంగి కూతురు. వాళ్ల నాన్న తలుపులు, కిటికీలు చేసేవాడు. చెక్క కొనేటప్పుడు పక్కన ఈవిడని నిలబెట్టుకుని, పలక చివర కంటి దగ్గర పెట్టించి, తిన్నగా ఉందో లేదో చెప్పించేవాడట. ఈవిడ ఎడమకన్ను మూసి కుడికన్నుతో చూసి చెప్పేది. మా మామయ్యగారు హోటళ్లలో గిటారు వాయించేవారు. పాత గిటార్లంటే పిచ్చి. కనిపించినదల్లా ఇంటికి తెచ్చి, తెచ్చాక మెడ వంగి ఉందని తల పట్టుకుని కూర్చునేవారు. పెళ్లయిన కొత్తలో ఆ ముఖం చూడలేక అత్తయ్య ఓ రోజు ఆ గిటారు లాక్కుని, చివర కంటి దగ్గర పెట్టుకుని, "చెక్కే కదండీ ఇది, దీనికింత ఏడుపెందుకు?" అందట. అలా మొదలైంది. ఆయన పోయాక కూడా షాపు ఆగలేదు. ఆవిడ కన్ను మూసి చూసే తీరు వల్ల ఊళ్లో వాయించేవాళ్లంతా ఆవిడని ఒంటికన్ను మేస్త్రి అంటారు. ఆవిడ ముందు కాదులెండి.

షాపులో రెండు నియమాలు. స్కేలు ఉండకూడదు. ఉక్కు స్కేలు పెట్టి మెడ కొలిచేవాళ్లని చూస్తే ఆవిడకి చిర్రెత్తుకొస్తుంది. "దేవుడు కన్నిచ్చింది ఎందుకే? సినిమాలు చూడ్డానికా?" అనేది. రెండోది, ఆవిడ చూడందే ఏ గిటారూ గడప దాటకూడదు. పని అంతా నేను చేసినా సరే, ఇచ్చే ముందు ఆవిడ గిటారుని ఎత్తి కిటికీ వెలుతురుకి పెట్టి, కన్ను మూసి చూసి, అవసరమనుకుంటే చిన్న తాళంచెవి లాంటి అలెన్ కీతో మెడలోని ఇనుప కడ్డీని కాస్త తిప్పుతుంది. దాన్ని మేము ఆఖరి తిప్పు అంటాం. ఏళ్ల తరబడి ఆ తిప్పు ఎప్పుడూ తప్పలేదు.

తెలియనివాళ్లకి ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. ఎలక్ట్రిక్ గిటారు తీగలు మెడని ముందుకు లాగుతుంటాయి. లాగి లాగి మెడ మధ్యలో గుంట పడుతుంది. గుంట పడకుండా లోపల ఒక కడ్డీ ఉంటుంది. దాని నట్టు బిగిస్తే మెడ వెనక్కి వస్తుంది. మరీ బిగిస్తే గుంట పోయి గూని వస్తుంది. గూని వస్తే తీగలు ఫ్రెట్లకి, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలకి, తగిలి గరగరమంటాయి. ఇంకో సంగతి. నట్టు తిప్పిన వెంటనే మెడ మొత్తం కదలదు. చెక్క ఒక రోజంతా తీసుకుని నెమ్మదిగా కుదురుకుంటుంది. తిప్పిన తప్పు మర్నాడు తెలుస్తుంది.

నేను ఈ పనిలోకి సరదా పడి రాలేదు. పెళ్లికి ముందు ఒక ఆఫీసులో ఫోన్లు ఎత్తేదాన్ని. అందరూ నా గొంతు గుర్తుపట్టేవాళ్లు, నన్ను ఎవరూ గుర్తుపట్టేవాళ్లు కాదు. ఈ ఇంటికొచ్చాక ఓ రోజు అత్తయ్య చేతికి గిటారు బరువై, "ఊరికే నిలబడకపోతే ఆ చివర పట్టుకోవచ్చుగా" అని కసిరింది. పట్టుకున్నాను. ఆ తరువాత చీపురు కర్రలు, కర్టెను రాడ్లు, మంచం పట్టెలు అన్నిటినీ కంటి దగ్గర పెట్టుకుని చూడమని చంపుకు తింది. వంకర సరిగ్గా చెప్తే మెచ్చుకోదు, తప్పు చెప్తే మాత్రం వీధి వినేలా అరుస్తుంది. ఎన్నోసార్లు పళ్లు నూరుకున్నాను. కానీ ఒక వంకర గిటారు నా చేతుల్లోంచి తిన్నగా వెళ్లినప్పుడు, దాని మనిషి ముఖం చూశాక, ఆ బల్ల దగ్గర నా చోటు ఎవరికీ ఇవ్వకూడదనుకున్నాను. గొడవంతా ఆ చోటు గురించే వచ్చింది.

ఓ రోజు ఎర్ర గిటారు పట్టుకుని ఒక డ్రైవరు వచ్చాడు. ఊళ్లో సిటీబస్సు నడుపుతాడు. ఖాళీ రోజుల్లో తన డిపో వాళ్లతో కలిసి వాయిస్తాడట. పొడుగు మనిషైనా తల కొట్టుకోకుండా వంగి వచ్చాడు. అప్పుడే నాకు నచ్చాడు.

"సెకండ్‌హ్యాండ్‌ది కొన్నానమ్మా. చూడ్డానికి బానే ఉంది. కింద ఫ్రెట్ల దగ్గర నొక్కితే గరగరమంటోంది. పైకెళ్తేనేమో తీగలు మరీ ఎత్తుగా ఉండి వేళ్లు నొప్పెడుతున్నాయి," అన్నాడు.

ఒక తీగని మొదటి ఫ్రెట్టు దగ్గరా, చివరి ఫ్రెట్టు దగ్గరా ఒకేసారి నొక్కి, మధ్యలో సందు ఎంతుందో చూశాను. బాగున్న మెడ అయితే అక్కడ సన్నని కాగితం ముక్క దూరేంత సందు ఉండాలి. అసలేమీ లేదు. తీగ ఫ్రెట్ల మీద పడుకుని ఉంది. గూని. పాత యజమాని పైన తీగలు ఎత్తుగా ఉన్నాయని కడ్డీని బిగించి బిగించి వదిలాడు. రోగం అక్కడ లేదు. మెడ ఒంటికి అతికే చోట స్క్రూలు విప్పి చూస్తే, లోపల ఎవరో మడిచిన అట్టముక్క పెట్టి ఉన్నారు. అదీ తప్పు వైపు. మెడ ఆ అట్టముక్క మీద కూర్చుని ముక్కు పైకెత్తుకుని ఉంది. దాని వల్ల తీగలు ఎత్తయ్యాయి, అవి ఎత్తయ్యాయని వాడు కడ్డీ బిగించాడు, బిగించాక గరగరమంటే అమ్మేశాడు. ఇలాంటి వెధవలని తలుచుకుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. తెలియకపోతే అడగరు, చెడగొట్టి ఇంకొకడి నెత్తిన పెడతారు.

అట్టముక్క తీసి, పల్చటి చెక్క చీలిక అరగదీసి సరైన వైపు పెట్టాను. బిగుసుకుపోయిన నట్టులో నూనె చుక్క వేసి, ఓపిగ్గా కొంచెం కొంచెం వదులు చేశాను. లేచిన ఫ్రెట్టు ఒకటి ఉంటే అంటించాను. మర్నాడు చూస్తే కాగితం ముక్క హాయిగా దూరింది. వాయించి చూశాను, గరగర లేదు.

అత్తయ్య వచ్చి గిటారు ఎత్తి, కన్ను మూసి చూసింది. "గుంట ఉందే ఇంకా. మరీ వదిలేశావు," అని కీ తీసుకుని బిగించింది. డ్రైవరు అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. తీసుకుని వెళ్లిపోయాడు.

రెండు రోజులకి తిరిగొచ్చాడు. మళ్లీ గరగర.

మళ్లీ వదులు చేశాను. మళ్లీ అత్తయ్య చూసింది, మళ్లీ గుంట ఉందని బిగించింది. డ్రైవరు మళ్లీ వచ్చాడు. ఈసారి నవ్వు లేదు. "ఏంటమ్మా ఇది, నేను బస్సు నడుపుకోవాలా, మీ ఇంటి చుట్టూ తిరగాలా?" అన్నాడు. నేనూ ఊరుకోలేదు. "ఎండలో బస్సులో పెడుతున్నారేమో. లేకపోతే ఇంటికెళ్లి మీరే తిప్పుతున్నారు," అన్నాను. పాపం ఆ మనిషి ముఖం కందిపోయింది. "నా దగ్గర ఆ కీ కూడా లేదమ్మా. ఎలా ఉంటుందో కూడా తెలీదు. కావాలంటే మా ఇంటికొచ్చి వెతుక్కోండి," అన్నాడు.

అత్తయ్య కీ బల్ల మీద పెట్టింది.

"ఆయన్నెందుకే అంటావు? పని చేసింది నువ్వు. ఫ్రెట్టు సరిగా అంటించి ఉండవు. లేదా ఆ చెక్క చీలిక ఏదో వంకరగా పెట్టి ఉంటావు. నీకు తొందర. ముందు నుంచీ తొందరే."

"నా పనిలో తప్పేం లేదత్తయ్యా."

"తప్పు లేకపోతే దానికదే వంగుతోందా? గాలికి వంగుతోందా? నేను రెండుసార్లు చూశాను, రెండుసార్లూ గుంటే. ఇంకొక్కసారి ఈ గిటారు వెనక్కొచ్చిందంటే నువ్వు ఈ బల్ల ముట్టుకోవద్దు. పోయి మళ్లీ ఆ ఫోన్లే ఎత్తుకో."

డ్రైవరు ముందే అంది. నాకు ఒళ్లంతా నిప్పంటుకున్నట్టయింది. సాయంత్రం మా ఆయనకి చెప్పాను. ఆయన సామాను చేరవేసే వ్యాను నడుపుతాడు. తల్లి ఒకవైపు, పెళ్లాం ఒకవైపు అయ్యే సమయానికి ఆయనకి ఆ వ్యాను ఎప్పుడూ మురికిగా కనిపిస్తుంది. "అమ్మ ఏదో కోపంలో అని ఉంటుందిలే," అంటూ బకెట్టు పట్టుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. కడిగిన వ్యానునే మళ్లీ కడిగాడు. ఆ నీళ్లు తీసుకెళ్లి ఆయన నెత్తిన పోయాలనిపించింది.

ఈసారి పని అయ్యాక, అత్తయ్య ఆఖరి తిప్పు కూడా అయ్యాక, నా ఎర్ర గోళ్లరంగు తీసుకుని నట్టు మీదా దాని పక్క చెక్క మీదా కలిపి ఒక చుక్క పూశాను. ఆరాక ఎవరు తిప్పినా ఆ రంగు చిట్లుతుంది. "గిటారుకి సింగారమా?" అని అత్తయ్య ఎకసెక్కెం చేసింది. డ్రైవరుకి కూడా చూపించాను. ఆయన దొంగో కాదో తేలిపోవాలి కదా.

గిటారు తిరిగొచ్చింది. గరగరమంటూనే వచ్చింది. కానీ నట్టు మీద రంగు చెక్కు చెదరలేదు.

అత్తయ్య అప్పుడు స్నానానికి వెళ్లింది. నేను ఆ ఎర్ర చుక్క వంక చూస్తూ ఉండిపోయాను. రంగు చిట్లలేదంటే, పూశాక ఆ నట్టు ఎవరూ ముట్టుకోలేదు. మెడ చెడింది రంగుకి ముందే. రంగుకి ముందు దాన్ని ముట్టుకున్నది ఇద్దరం. నేను, నా తరువాత ఆవిడ. నేను వదిలినప్పుడు కాగితం దూరింది. నా చేతులతో దూర్చాను.

అప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే. కావాలనే చేస్తోంది. పని నేర్పింది, ఇప్పుడు వచ్చేవాళ్లు ఆవిడని వదిలి నన్నే అడుగుతున్నారు, అది చూడలేక నన్ను బల్ల దగ్గర నుంచి లేపెయ్యాలని బాగైన గిటారుని చేతులారా చెడగొడుతోంది. ఇంత కుళ్లా! మళ్లీ కబురు చేస్తామని డ్రైవరుని పంపేసి, మెడ మళ్లీ వదులు చేసి పెట్టాను.

మర్నాడు పొద్దున ఆవిడ రాకముందే నా సొరుగు తెరిచాను. అడుగున పాత గుడ్డలో చుట్టి మందపాటి ఉక్కు స్కేలు ఉంది. ఆవిడకి తెలియకుండా కొని దాచాను. తీసి మెడ మీద ఫ్రెట్ల వెంట నిలబెట్టి చూశాను. మధ్యలో వెంట్రుకంత సందు. ఎలా ఉండాలో అలా ఉంది. స్కేలు మళ్లీ సొరుగులో పెట్టి కూర్చున్నాను.

అత్తయ్య వచ్చింది. గిటారు ఎత్తింది. కిటికీ వైపు తిరిగి ఎడమకన్ను మూసింది.

"గుంట. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అని కీ అందుకుంది.

నేను లేచి ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. అంతవరకూ నోటితో ఎన్ని అనుకున్నా ఒకరి మీద ఒకరం చెయ్యి వెయ్యలేదు.

"వదులు."

"వదలను. మీరు కావాలనే చేస్తున్నారు."

"ఏం చేస్తున్నానే?"

"బాగైనదాన్ని చెడగొడుతున్నారు. నన్ను ఇక్కణ్ణించి లేపెయ్యడానికి. నేను గుడ్డిదాన్నా?"

ఆవిడ కీ బల్ల మీద పెట్టింది. ఆ తరువాత అన్నవన్నీ రాయను. నా పుట్టింటి వాళ్లు, నా పెంపకం, నా చేతులు, నా టీ, ఏదీ మిగల్లేదు. నేను ఆగకుండా సొరుగు లాగి స్కేలు తీశాను. అది చూసి ఆవిడ ఇంతెత్తున లేచింది.

"నా షాపులో స్కేలా! నా సొరుగులో!"

"నా సొరుగు అది. ఇదుగో చూడండి. ఇది ఉక్కు. దీనికి అత్తా తెలీదు, కోడలూ తెలీదు," అని స్కేలుని ఫ్రెట్ల మీద నిలబెట్టి పట్టుకున్నాను. "చూసి చెప్పండి, గుంట ఎక్కడుందో."

వంగి చూసింది. కన్ను మూసి, చాలాసేపు. తరువాత తల ఎత్తింది. ముఖంలో గెలిచిన తృప్తి.

"నీ స్కేలే వంకరగా ఉంది. మధ్యలో గుంట పడింది. వంకర స్కేలు పెట్టి నన్ను దబాయిస్తున్నావటే?"

నాకు నవ్వొచ్చింది, ఒళ్లు మండి వచ్చే నవ్వు. వేలంత మందం ఉన్న ఉక్కు. దాన్ని వంచాలంటే మా ఆయన వ్యాను దాని మీంచి పోవాలి. స్కేలుని గాల్లోకి ఎత్తి వెలుతురుకి పట్టుకున్నాను.

"ఎటు వంగింది?"

"కిందికి. కనబడట్లేదా నీకు?" వేలితో గాల్లో గీత గీసి చూపించింది, ఎక్కడ గుంట ఉందో సరిగ్గా అక్కడ.

స్కేలుని కింది అంచు పైకి వచ్చేలా తిరగేశాను. "ఇప్పుడు?"

"ఇప్పుడూ కిందికే," అంది, అని ఆగిపోయింది.

చెక్క చూసేవాళ్లకి ఇది మొదటి రోజు పాఠం. నిజంగా వంగినదాన్ని తిరగేస్తే దాని వంకర కూడా తిరగాలి. కిందికి ఉన్నది పైకి రావాలి. తిరగలేదంటే వంకర ఆ వస్తువులో లేదు. ఈ పాఠం నాకు చెప్పింది ఆవిడే, చీపురు కర్ర పట్టుకుని, వీధి వినేలా అరిచి మరీ చెప్పింది.

"మళ్లీ తిప్పు," అంది.

తిప్పాను.

"మళ్లీ."

మళ్లీ తిప్పాను. ఆవిడ అరచేత్తో కుడికన్ను మూసుకుని ఎడమకన్నుతో చూసింది. చెయ్యి మార్చి కుడికన్నుతో చూసింది. ఆ తరువాత కిటికీ చట్రం వైపు చూసింది, తలుపు అంచు వైపు చూసింది, బల్ల అంచు వైపు చూసింది. ఒక్కొక్కదాన్నీ ఒక్కో కన్నుతో. కుర్చీలో కూర్చుంది. నేను స్కేలు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాను. నా కోపం ఎక్కడికీ పోలేదు, కానీ దాన్ని ఎవరి మీద వెయ్యాలో తెలియకుండా పోయింది.

రెండు కళ్లూ తెరిచి ఉంటే ఆవిడకి అన్నీ మామూలుగానే కనిపించేవి. ఎడమకన్ను సరిచేసేది. అందుకే వంట చేసింది, వీధిలో నడిచింది, పేపరు చదివింది, ఎవరికీ అనుమానం రాలేదు. గిటారు ఎత్తినప్పుడు మాత్రం మంచి కన్ను మూసుకుని, చెడిన కన్నుతో చూసేది.

కళ్ల డాక్టరు నా వయసు మనిషి. గళ్లు గీసిన అట్ట ఒకటి చూపించి, గీతలు ఎలా ఉన్నాయో చెప్పమంది. అత్తయ్య చూసి, "ఇది గీసినవాడికి చెయ్యి వణుకుతుందా?" అని అడిగింది. డాక్టరు నవ్వలేదు. కంటి వెనక పొర మధ్యలో నీరు చేరిందని, కంట్లోకి ఇంజెక్షన్లు ఇస్తే ఇంకా చెడకుండా ఆపవచ్చని, ఇప్పటికే వంకర తిరిగిన చూపు పూర్తిగా తిన్నగా అవుతుందని మాట ఇవ్వలేనని చెప్పింది. ఎడమకన్ను ప్రస్తుతం బాగానే ఉందట. దానికీ రావచ్చట, కనిపెట్టుకుని ఉండాలట.

"ఎప్పటినుంచి ఉండి ఉంటుంది?" అని అడిగింది అత్తయ్య.

"కొన్ని నెలలు. మొదట్లోనే వచ్చి ఉంటే బాగుండేది."

ఇంటికొచ్చాక అత్తయ్య ఏడవలేదు. ఏడుస్తుందేమోనని మా ఆయన బకెట్టు సిద్ధం చేసుకున్నాడు కూడా. ఆవిడ ఫోను తీసుకుని, ఆ నెలల్లో మా దగ్గర గిటారు బాగుచేయించుకున్న వాళ్లందరికీ వరసగా ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. క్షమించమని అడుగుతుందనుకున్నాను. తిట్టడం మొదలుపెట్టింది.

"గరగరమంటోందా? మరి తీసుకురావాలని తెలీదా? ఏంటీ, మేస్త్రి చూసిందంటే సరిగానే ఉంటుందనుకున్నావా? నీ చెవులేమయ్యాయి? ... పర్లేదేంటి పర్లేదు! రేపు పట్టుకురా. నువ్వు రాకపోతే నేనే వస్తా."

కొందరు నిజంగానే వాయించడం మానేశారని తెలిసింది. తమ వేళ్లలోనే లోపం ఉందనుకున్నారట. ఒకాయన గిటారు అటక మీద పడేశాడట. మర్నాటి నుంచి గిటార్లు రావడం మొదలయ్యాయి. కొక్కేలు చాలక కిటికీ చట్రానికి కూడా వేలాడదీశాం. అన్నిటికీ ఒకే జబ్బు. గూని, గూని, గూని. నేను ఒక్కొక్కటీ వదులు చేస్తూ కూర్చున్నాను. ఆవిడ కుర్చీ జరుపుకుని గోడ పక్కన కూర్చుని చూస్తూ ఉండేది.

మొదటి ఇంజెక్షను అయిన వారానికి డ్రైవరు తన ఎర్ర గిటారు కోసం వచ్చాడు. అత్తయ్య ఆయన్ని స్టూలు మీద కూర్చోమంది.

"నీ గిటారు చెడగొట్టింది నేను. ఈ పిల్ల కాదు. నా కన్ను చెడింది. నీ ముందే దీన్ని అన్నాను కాబట్టి నీ ముందే చెప్తున్నా."

ఆయన ఇబ్బందిపడిపోయాడు. "అయ్యో, పర్లేదమ్మా, వయసు..."

"మళ్లీ పర్లేదు! అందరూ ఇదే మాట. వంకరగా ఉంటే పర్లేదు, గరగరమంటే పర్లేదు. నువ్వొక్కడివే మాటిమాటికీ వచ్చి అడిగావు. మిగతావాళ్లకి నోళ్లు లేవు," అని ఒక్కసారిగా నా వైపు తిరిగింది. "వాళ్లకంటే తెలీదు. నీకేమైంది? నువ్వూ చూస్తావుగా. నా ఆఖరి తిప్పుకి ముందు చూసేదానివా, లేదా?"

"చూసేదాన్ని."

"ఏం కనిపించేది?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు. "తిన్నగా కనిపించేది. మీరు గుంట ఉందనేవారు. అప్పుడు మళ్లీ చూస్తే... నాకూ గుంట ఉన్నట్టే కనిపించేది."

ఆవిడ కుర్చీలోంచి లేచింది.

"టీలో పంచదార దగ్గర్నుంచి కర్టెను రంగు దాకా నాతో కయ్యానికి దిగనిది ఏదైనా ఉందా? రోజూ పొద్దున లేస్తే గొడవే. నా కన్ను పోతుంటే మాత్రం మర్యాద గుర్తొచ్చిందా నీకు? అప్పుడు గొడవపడాలని తోచలేదా? స్కేలు కొనుక్కుని సొరుగులో దాచుకున్నావు! నా ముఖాన కొట్టడానికి చేతులు రాలేదా?"

నాకు ఇంకా కోపం వచ్చింది. ఈవిడ చెప్పిందే చూడమని నాకు నేర్పింది ఎవరు? తప్పు చెప్తే అరిచింది ఎవరు? అవన్నీ అనేద్దామనుకున్నాను. కానీ ఆవిడ అడిగినదాంట్లో అబద్ధం లేదు.

ఆవిడ ఎర్ర గిటారుని కొక్కెం నుంచి దింపింది. కుడికన్ను అరచేత్తో మూసుకుని, ఎడమకన్నుతో మెడ వెంట చూసింది. అలవాటు లేని కన్ను, తల ఎటు పెట్టుకోవాలో తెలియక తిప్పలు పడింది.

"తిన్నగా ఉంది. ఇచ్చెయ్," అని నా చేతికిచ్చింది.

నేను వెలుతురుకి పట్టి చూశాను. ఒకసారి కాదు, గిటారుని తిప్పి పట్టుకుని మళ్లీ చూశాను. నడుమ కాస్త లేచి ఉంది. వానకో, చెక్క అలసటకో, గూని మళ్లీ వెంట్రుకవాసి వచ్చింది.

"లేదు," అన్నాను.

"ఏంటి లేదు?"

"తిన్నగా లేదు. కాస్త గూని ఉంది."

"నేను చూశాను. ఈ కన్నుకి జబ్బు లేదని డాక్టరు కూడా చెప్పింది. తిన్నగా ఉంది."

"మీరు చూసింది తప్పు."

డ్రైవరు స్టూలు మీంచి లేచి గుమ్మం వైపు చూశాడు.

"గొణుగుతావేంటి? గట్టిగా చెప్పు."

"మీది తప్పు అత్తయ్యా! తప్పు చూస్తున్నారు!" అని అరిచాను. వీధిలో వెళ్తున్నవాళ్లు ఆగి కిటికీలోంచి చూశారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతోనే.

ఆవిడ నా ముఖం వంక చూసింది, రెండు కళ్లూ తెరిచి. తరువాత అలెన్ కీ తీసి నా చేతిలో పెట్టింది.

నేను నట్టు మీద మిగిలిన ఎర్రరంగు గీకేసి, కీ పెట్టి, కొంచెం వదులు చేశాను. ఆవిడ అటు చూడలేదు. డ్రైవరు గిటారు కోసం చెయ్యి చాపితే ఆయన మీద విరుచుకుపడింది.

"ఏంటయ్యా ఆ తొందర? చెక్క కుదురుకోవద్దూ? రేపు రా. వచ్చి బాగైందా లేదా అని ఈవిణ్ణి అడుగు. నన్ను కాదు."